డెబ్బై అయిదు శాతం

ఆ వీధిలో అతన్ని అందరూ పళ్ళ మేస్త్రి అనేవారు. అతను పళ్ళు పీకేవాడు కాదు, చేసేవాడు. నాలుగు వీధుల అవతల ఒక మేడ కింది అంతస్తులో పళ్ళ ల్యాబు ఉండేది. దంతవైద్యులు తమ దగ్గరికొచ్చినవాళ్ళ నోటి అచ్చులు తీసి అక్కడికి పంపేవారు. అతను ఆ అచ్చులో ప్లాస్టరు పోసి దవడ తయారు చేసి, మైనంతో పన్ను చెక్కి, దాన్ని లోహంలో పోతపోసి, ఆ పోత మీద పింగాణీ పొడిని సన్నటి కుంచెతో పొర మీద పొర అద్ది కొలిమిలో కాల్చేవాడు. బయటికొచ్చిన పన్ను పక్క పన్నులో కలిసిపోవాలి. కట్టుకున్న పెళ్ళాం కూడా పోల్చకూడదు. అందులో అతన్ని మించినవాడు ఆ ల్యాబులో లేడు. పదహారు రకాల తెలుపుల నమూనా పట్టీ గోడకి వేలాడుతుండేది, అతను దాని వంక కన్నెత్తి చూసేవాడు కాదు. మనిషి ఒకసారి నోరు తెరిచి మాట్లాడితే చాలు, టీ తాగేవాడి తెలుపో సిగరెట్టు తాగేవాడి తెలుపో చెప్పేసేవాడు. అందుకే అతనితో మాట్లాడేటప్పుడు వీధివాళ్ళు సగంమంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

ఆ పని అతనికి ఊరికే రాలేదు. రెండేళ్ళ కోర్సు చదివాడు. కోర్సుకి నాలుగు లక్షలు చదువు అప్పు తీసుకున్నాడు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే, తనకన్నా పదకొండేళ్ళు పెద్దదైన అక్క అతన్ని పెంచింది. ఆమెది ప్రభుత్వ బడిలో గంట కొట్టి, గదులు ఊడ్చి, తాళాలు వేసే ఉద్యోగం. చిన్నదే అయినా నెల తిరిగేసరికి ఠంచనుగా జీతం వచ్చే ఉద్యోగం కాబట్టి పూచీదారుగా ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. చదువు కోసం చేసే అప్పు అప్పు కాదనీ పెట్టుబడి అనీ ఆ కాగితం పైనే పెద్ద అక్షరాల్లో ఉండేది. కింద చిన్న అక్షరాల్లో ఏముందో అక్కా చదవలేదు, తమ్ముడూ చదవలేదు.

ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్ళలో అతను అయిదుంపావు లక్షలు కట్టాడు. తీసుకున్నది నాలుగు, కట్టింది అయిదుంపావు, ఇంకా కట్టాల్సింది అయిదు. ఈ లెక్క ఎవరికి చెప్పినా ముందు నవ్వేవారు, తరవాత వాళ్ళ లెక్క చెప్పేవారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా చదువు అప్పులన్నీ రద్దు చేస్తామని ఎవరో ఒకరు అనేవారు. ఆ మాట నమ్మి కొందరు మబ్బుని చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టు వాయిదాలు కట్టడం మానేశారు. పళ్ళ మేస్త్రి మానలేదు. ముప్ఫై దాటాక పెళ్ళి చేసుకున్నాడు. భార్య అట్టపెట్టెల కంపెనీలో పెట్టెలు అంటించేది. పిల్లల మాట వస్తే అప్పు తీరాక చూద్దామనుకున్నారు. ఆ మాట అనుకుని కూడా మూడేళ్ళయింది.

ముప్ఫై నాలుగో ఏట అతని భుజం మాటిమాటికీ గుమ్మాలకి కొట్టుకోవడం మొదలైంది. కంచం పక్కనున్న నీళ్ళగ్లాసు ఒలికిపోయేది. ఎదురుగా ఉన్నది వెంట్రుకంత సన్నమైనా కనిపించేది, పక్కన ఉన్న మనిషి కనిపించేవాడు కాదు. ఒకనాడు ల్యాబులో ఎడమ మోచెయ్యి తగిలి, సానబెట్టి సిద్ధంగా ఉంచిన పదకొండు పళ్ళ పళ్ళెం నేలపాలైంది. ల్యాబు యజమాని తిట్టలేదు. కళ్ళు చూపించుకోమన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గట్టి మనిషి, మాట తిప్పి చెప్పే అలవాటు లేనిది. ఇది నీటికాసులనే జబ్బనీ, కంటిలో ఒత్తిడి పెరిగి చూపుని అంచుల నుంచి తినేస్తూ వస్తుందనీ చెప్పింది. సగం పైగా ఇప్పటికే తినేసిందట.

"పోయింది మళ్ళీ రాదు. ఉన్నది పోకుండా కాపాడుకోవచ్చు. ఈ చుక్కలు రోజుకి మూడుసార్లు, బతికినన్నాళ్ళూ. ఒక్క పూట కూడా మానొద్దు."

అతను మానలేదు. కానీ ల్యాబులో ఇంకో రెండుసార్లు పళ్ళేలు పడ్డాయి, ఒకసారి కొలిమి మూత చూసుకోక పక్కనున్న మెరుగు పెట్టే పిల్ల చెయ్యి కాలింది. యజమాని అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, ఒక నెల జీతం అదనంగా చేతిలో పెట్టి, రేపటి నుంచి రావద్దన్నాడు. చుట్టుపక్కల ఇంకో మూడు ల్యాబులుండేవి. అతని సంగతి అతనికన్నా ముందే అక్కడికి చేరింది.

వాయిదాలు ఆగిపోయాయి. అప్పు కంపెనీ నుంచి రోజూ ఫోన్లు వచ్చేవి. మొదట గారూ అండీ అని, వారం తిరిగేసరికి నువ్వు అని. మూడో నెల నుంచి ఫోన్లు రాలేదు. భార్యాభర్తలు ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపిరి ఎందుకు తీసుకోగలిగారో ఇంకో నెలకి గాని తెలియలేదు. అక్క జీతంలోంచి పావు వంతు కోసుకుంటున్నారు. ఆమె చెప్పలేదు. బడిలో తోటి ఆయా చెప్పింది. అక్క బస్సెక్కడం మానేసి మూడు మైళ్ళు నడిచి వస్తోందనీ, పాదాలు వాచి మధ్యాహ్నం గంట కొట్టడానికి లేవలేకపోతోందనీ కూడా చెప్పింది. పళ్ళ మేస్త్రి అక్క దగ్గరికెళ్ళి అడిగితే, నడిస్తే ఒంటికి మంచిదని డాక్టర్లే చెబుతున్నారు కదరా అంది.

అప్పుడే ప్రభుత్వం కొత్త ప్రకటన చేసింది. చదువు అప్పుల సంగతి తేల్చడానికి వేసిన కమిటీ మూడు దారులు చూపించిందట. అందరి అప్పూ రద్దు చెయ్యడం ఒకటి, తీసుకున్నదానికన్నా ఎక్కువ కట్టినవాళ్ళని విడిచిపెట్టడం రెండోది, ఒళ్ళు సహకరించక పని చేసుకోలేనివాళ్ళకి మాత్రం మాఫీ చెయ్యడం మూడోది. మొదటి రెండింటికీ ఖజానాలో డబ్బు లేదన్నారు. మూడోదానికి సంతకమైంది. చూపు పోయినవాళ్ళకి హద్దు డెబ్బై అయిదు శాతం. అంతకి మించి పోయి ఉంటే అప్పు రద్దు, పూచీ ఉన్నవాళ్ళకీ విముక్తి.

పళ్ళ మేస్త్రి మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టుకున్నాడు. వైద్యుల బోర్డు ముందుకి పిలిచారు. గిన్నెలాంటి తెల్లటి యంత్రంలో గడ్డం ఆనించి, ఎదురుగా ఉన్న చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడ దీపం మెరిసినా చేతిలో బొత్తాం నొక్కమన్నారు. అతను కనిపించిన ప్రతిసారీ నొక్కాడు. అరవై రెండు శాతం పోయిందని తేల్చారు. కౌంటరు దగ్గర గుమాస్తా కాగితం చూసి, ఇంకా పదమూడు తగ్గిందండీ అన్నాడు. పరీక్షలో మార్కులు తగ్గినవాడి మీద జాలిపడ్డట్టే ఉంది ఆ గొంతు. ఆర్నెల్లకి మళ్ళీ రమ్మన్నాడు.

విషయం విన్న వీధివాళ్ళు అతన్ని వెర్రిబాగులవాడన్నారు. దీపం కనిపించినా నొక్కకుండా ఊరుకుంటే సరిపోయేది కదా అన్నారు. రెండోసారి అతను అలాగే చేశాడు. నాలుగు దీపాలు చూసి ఒకదానికి నొక్కాడు. యంత్రం ఆగిపోయింది. పక్కనున్న కుర్ర డాక్టరు కాగితం బయటికి తీసి చూసి, మీరు నొక్కడం లేదని మెషీను చెబుతోందండీ, మళ్ళీ చేద్దాం, ఇంకోసారి ఇలా వస్తే దరఖాస్తే కొట్టేస్తారు అన్నాడు. పళ్ళ మేస్త్రి సిగ్గుతో చెవులదాకా ఎర్రబడి, ఈసారి నిజాయితీగా నొక్కాడు. అరవై మూడు.

కుర్ర డాక్టరు మనసున్నవాడు. చెడు కబురుతో పంపడం ఇష్టం లేక, వెళ్ళేముందు చెయ్యి పట్టుకుని, మంచి మాట చెప్పాడు.

"మందు బాగా పనిచేస్తోందండీ. ఆర్నెల్లలో ఒక్క శాతమే పోయింది. ఇలాగే వేసుకుంటూ ఉంటే ముసలితనం దాకా ఈ చూపు మీకు ఉంటుంది."

దారి పొడుగునా ఆ మాటే అతని చెవిలో మోగింది. ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆ మర్నాడు పొద్దున్న పనిలోకి వెళ్ళేముందు రోజూ లాగే అతని తల వెనక్కి వంచి, రెప్ప లాగి పట్టుకుని, మందు సీసా కంటి మీదికి తెచ్చింది. ఆ మందు ఆమె జీతంలో మూడో వంతు తినేది. చుక్క సీసా కొసన వేలాడుతోంది గాని జారలేదు.

"ఇవి వేసుకున్నన్నాళ్ళూ మనకి మాఫీ రాదు కదండీ," అంది.

అతను కన్ను మూయలేదు. చుక్క వంక చూస్తూనే ఉన్నాడు.

"నేనేం అనడం లేదు. ఊరికే అన్నాను," అంది మళ్ళీ.

అతను ఆమె చేతిలోంచి సీసా తీసుకుని మూత పెట్టాడు. ఎన్నడూ లేనిది ఆ రోజు ఆమె పనికి ఆలస్యంగా వెళ్ళింది. ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చుని చాలాసేపు లెక్కలేసుకున్నారు. ఎలాగూ రోగం రోగమే, పది పన్నెండేళ్ళకి పోవాల్సింది ముందుగా పోతుంది, అంతే. ఉన్న ఆ కాస్త చూపుతో ఇప్పుడు సంపాదిస్తున్నదేముంది? అక్క కాళ్ళు ఈ ఏడాది ఆగుతాయా? ఇలా ఒకదాని తరవాత ఒకటి. ఏ ముక్క చూసినా సబబుగానే ఉంది. మొత్తం కలిపి చూడాలని మాత్రం ఇద్దరికీ అనిపించలేదు. అక్కకి చెప్పకూడదని ఒట్టు వేసుకున్నారు. ఆమె వచ్చే రోజు మందు సీసా అలమరలో ముందుకి జరిపి పెట్టేవారు.

ఆదివారం పొద్దున్న భార్య అతన్ని ముందుగదిలో గోడకి ఆనించి నిలబెట్టేది. ఎదుటి గోడ మీద మధ్యలో ఒక మేకు. దాన్నే చూస్తూ ఉండమనేది. తను ఒక గరిట పట్టుకుని గోడ చివర నుంచి మేకు వైపు మెల్లగా జరుపుతూ వచ్చేది. గరిట కనిపించగానే అతను "ఊఁ" అనాలి. అన్నచోట పెన్సిలుతో గీత గీసేది. మొదటి నెల గీతలు ఉన్నచోటే ఉన్నాయి. భార్య ముఖం చిన్నబుచ్చుకుంది. మూడో నెలలో కుడి పక్క గీత బెత్తెడు లోపలికి వచ్చింది.

"బెత్తెడు వచ్చిందండీ," అంది ఆమె, గబుక్కున.

"నయమే," అన్నాడు అతను.

అన్నాక ఇద్దరూ కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కానీ పై ఆదివారం మళ్ళీ గరిట తీశారు. అలవాటు పడితే మనిషికి ఏదైనా పనే. చలికాలం వచ్చేసరికి గీతలు మేకుకి రెండు పక్కలా దగ్గరపడ్డాయి. అతనికి లోకం గొట్టంలోంచి చూసినట్టయింది. భార్య ముఖం చూస్తే ఒకసారికి ఒక కన్నే కనిపించేది, ముక్కు కోసం వెతుక్కోవాలి. కళ్ళ వెనక నొప్పి, వాంతులు. వాటికి మాత్రం మాత్రలు వేసుకునేవాడు. ఒక పొద్దున్న లేచి ఎడమ కన్ను తెరిచాడో లేదో చేత్తో తడిమి చూసుకుని, తెరిచే ఉందని తెలుసుకున్నాడు. ఆ రోజు ఏడ్చాడు. భార్య మందు సీసా తెచ్చి, వేస్తానండీ, ఇక చాలు అంది. అతను ఆమె చెయ్యి నెట్టేశాడు. ఇంతదాకా వచ్చి ఇప్పుడు వేసుకుంటే, పోయింది ఉత్తపుణ్యానికి పోయినట్టే అన్నాడు.

ఏడాది తిరిగాక మూడోసారి బోర్డుకి వెళ్ళినప్పుడు భార్య చెయ్యి పట్టుకుని నడిపించింది. అదే కుర్ర డాక్టరు. యంత్రం ముందు అతను చాలాసేపు కూర్చున్నాడు, బొత్తాం నొక్కింది చాలా తక్కువ. ఎనభై ఒకటి. కుర్ర డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చూసి, ఏమైంది అన్నాడు. మందు పనిచెయ్యడం మానేసిందండీ అంది భార్య. కుర్ర డాక్టరు సంతకం పెట్టి పక్కకి తిరిగాడు.

అప్పు రద్దయిందన్న ఉత్తరం రెండు నెలలకి వచ్చింది. భార్య గట్టిగా చదివి వినిపించింది. చివర ఒక షరతుంది. పని చేసుకోలేరన్న కారణం మీద మాఫీ ఇచ్చారు కాబట్టి మూడేళ్ళపాటు అతను సంపాదించకూడదు. సంపాదించినట్టు తేలితే అప్పు వడ్డీతో సహా తిరిగి బతుకుతుంది, పూచీతో సహా. ఆ రోజు ఆ ముక్క వాళ్ళ చెవికెక్కలేదు. వచ్చే నెల నుంచి అక్కకి పూర్తి జీతం అన్నదొక్కటే వినిపించింది.

అక్క పై ఆదివారమే వచ్చింది. తమ్ముడి తల నిమిరి, పీడ వదిలిందిరా అంది. పూర్తి జీతం వచ్చింది కాబట్టి కళ్ళు పెద్దాసుపత్రిలో చూపిద్దామని పట్టుబట్టింది. పాత డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళింది. వద్దంటే విననిది, అందులో పెంచిన మనిషి. అతను తడుముకుంటూ వెంట నడిచాడు.

డాక్టరమ్మ కళ్ళలోకి దీపం వేసి చూసింది, పాత కాగితాలు తిరగేసింది. ఈ ఆసుపత్రి కార్డు మీద మందు కొని ఏడాది దాటిందని అందులోనే ఉంది.

"ఇంత తొందరగా పోవాల్సిన చూపు కాదిది. చుక్కలు ఎందుకు మానేశావు?"

అక్క అతని వైపు చూసిందో డాక్టరమ్మ వైపు చూసిందో అతనికి తెలియలేదు. బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాక ఆమె అడిగింది.

"నా జీతంలోంచి పోతోందనేనా?"

"అవునక్కా."

"నేనడిగానా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"పోయింది పావు జీతమేరా. ముప్పావు వస్తూనే ఉంది కదా. నేను తిన్నాను, నడిచాను, బతికే ఉన్నాను. ఇప్పుడు నా కాళ్ళు ఎవరి కళ్ళ మీద వేసి నడవమంటావు?"

ఆమె అతన్ని ఇంటి దాకా తీసుకొచ్చి, గుమ్మంలో వదిలి వెళ్ళిపోయింది. ఆ తరవాత రాకపోలేదు. ప్రతి ఆదివారమూ వచ్చేది, మరదలితో మాట్లాడేది, సరుకులు పెట్టి వెళ్ళేది. తమ్ముడితో మాత్రం ఒక్క పలుకు లేదు. ఆమె వచ్చిందని అతనికి చెప్పుల చప్పుడు వల్ల తెలిసేది.

ఏడాది గడిచింది. మళ్ళీ ఓట్ల కాలం వచ్చింది. ఖజానాలో లేని డబ్బు ఎక్కడి నుంచో పుట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం ల్యాబులో మెరుగు పెట్టే పిల్ల, ఒకప్పుడు చెయ్యి కాలిన పిల్లే, పళ్ళ మేస్త్రి ఇంటికి వచ్చింది. ఆమె గొంతులో సంతోషం పట్టడం లేదు. ప్రభుత్వం రెండో దారికి కూడా సంతకం చేసిందట. తీసుకున్నదానికన్నా ఎక్కువ కట్టినవాళ్ళకి మిగతాదంతా రద్దట. పూచీదారుల జీతంలోంచి కోసిందంతా వెనక్కి ఇస్తారట. తన అప్పూ పోయిందంది.

"అసలు కన్నా ఎక్కువ కట్టి ఉంటే చాలా?" అని అడిగాడు పళ్ళ మేస్త్రి.

"అంతేనండీ. ఇంకే కాగితం అక్కర్లేదు."

అతను మంచి మాట చెప్పావమ్మా అన్నాడు. ఆమె ఇంకో కబురు కూడా తెచ్చింది. యజమాని అతన్ని రమ్మంటున్నాడట. కొత్తగా చేరినవాళ్ళు చెక్కిన మైనపు పళ్ళు ఒక్కటీ సరిగా కూర్చోవడం లేదట. మైనం పని చూపుతో కన్నా వేళ్ళతో చేసేదే ఎక్కువ కదా, వచ్చి కూర్చోమను, జీతం సగం ఇస్తాను అన్నాడట. అతని చేతివేళ్ళు మోకాళ్ళ మీద వాటంతటవే కదిలాయి. ఆమె వెళ్ళాక, పొయ్యి దగ్గరున్న భార్యకి ఆ మాట చెప్పాడు. షరతు గుర్తుందా అంది ఆమె. గుర్తుంది.

కొత్త పథకం కిందికి మారితే షరతు ఉండదని అతని ఆలోచన. కనుక్కోవాలంటే అప్పుల కార్యాలయానికి వెళ్ళాలి. భార్యకి సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. రెండు నెలలు ఆగాక, బడికి సెలవులిచ్చారని అక్క వచ్చింది. మాట్లాడకుండానే అతని చెయ్యి తన మోచేతి మీద వేసుకుని బయలుదేరింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడో అంతస్తుకి ఎక్కేటప్పుడు అతను కాలితో తడుముకుంటూ రెండుసార్లు మోకాలు కొట్టుకున్నాడు. ఆమె ఆగింది గాని నోరు విప్పలేదు.

అధికారి మర్యాదగలవాడు. కుర్చీ వేయించాడు. కంప్యూటరులో చాలాసేపు వెతికాడు.

"మిమ్మల్ని కొత్తదాంట్లోకి మార్చడం కుదరదండీ. మీ అప్పు ఏడాది కిందటే రద్దయిపోయింది. లేని అప్పుని ఎలా మాఫీ చేస్తాం?"

"మరి షరతు కూడా లేనట్టేనా?"

"షరతు ఉంది. మీరు పని చేస్తే అప్పు వస్తుంది."

"అప్పు వస్తే కొత్త మాఫీ ఇస్తారా?"

అధికారి ఆ మాటకి నిజంగానే ఆలోచించాడు. కొత్త మాఫీకి గడువు కిందటి నెలాఖరుతో అయిపోయిందన్నాడు. అక్క తొలిసారి నోరు తెరిచి, తన జీతంలోంచి పోయిన డబ్బు మాటేమిటని అడిగింది. ఖాతా బతికి ఉన్నవాళ్ళకేనమ్మా వెనక్కి ఇచ్చేది, మీ తమ్ముడిది మూసేశారు అన్నాడు అధికారి. ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టమన్నాడు. అతని ముందున్న కాగితం మీద, మనవి వినడం జరిగిందని ఒక గడిలో సంతకం చెయ్యాలట. అధికారే పళ్ళ మేస్త్రి వేలు పట్టుకుని ఆ గడి మీద పెట్టాడు.

బయటికొచ్చారు. వరండా చివర మెట్ల దగ్గర పళ్ళ మేస్త్రి ఆగిపోయాడు. ఎక్కడం కన్నా దిగడం కష్టం. కింద ఏముందో కాలికి తెలియదు. అతను గాల్లో పాదం పెట్టి వెనక్కి తీసుకున్నాడు. ఒక చేత్తో గోడ వెతుక్కున్నాడు. వెనక ఎవరో తొందరపడుతున్నారు, జరగండి అంటున్నారు.

"మెట్టు," అంది అక్క.

అతను దిగాడు.

"మెట్టు."

ఆ గొంతు మెత్తబడలేదు. బడిలో పిల్లల్ని వరసలో నడిపించే గొంతే అది. అతను ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని, చెప్పినప్పుడల్లా ఒక అడుగు కిందికి వేస్తూ పోయాడు. మూడు అంతస్తులకీ ఆమె ఆ ఒక్క మాటే అంది.